ఒకే ఎక్స్‌ఎంఎల్ పత్రానికి అనేక స్టైల్‌షీట్లు

ఎక్స్‌ఎంఎల్ పత్రంలోని సమాచారాన్ని కదపకుండా, దాన్ని వాడుకునే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో స్టైల్‌షీట్ ద్వారా తగిన రూపం ఇవ్వడం కంప్యూటర్ ప్రచురణ రంగంలో స్థిరపడిన పద్ధతి. పత్రం ఒకటే ఉంటుంది. బ్రౌజర్ కోసం ఒక స్టైల్‌షీట్, అచ్చు కోసం మరొకటి, చిన్న తెర ఉన్న ఫోను కోసం ఇంకొకటి, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కోసం వేరొకటి ఉంటాయి. సమాచారం మారినప్పుడు పత్రాన్ని ఒక్కచోట సవరిస్తే అన్ని రూపాలూ మారతాయి. రూపం నచ్చకపోతే స్టైల్‌షీట్‌ను మారిస్తే సరిపోతుంది, పత్రం జోలికి పోనక్కర్లేదు. ఈ వ్యాసం ఆ పద్ధతి చరిత్రనూ, పనితీరునూ, తెలుగు నేల మీద దాని వాడకాన్నీ, తెలుగు లిపి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలనూ పరిచయం చేస్తుంది. ఊళ్లకు సంబంధించిన ఉదాహరణలు హైదరాబాదు ఉత్తర శివారులోని అల్వాల్, బొల్లారం, షామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతానివి.

మూల భావన

ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగులు సమాచారం ఏమిటో చెబుతాయి, ఎలా కనిపించాలో చెప్పవు. ట్యాగుల పేర్లు రాసేవారి ఇష్టం. అవి తెలుగులో ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఉదాహరణకు:

<స్థలం>
<పేరు>అల్వాల్</పేరు>
<జిల్లా>మేడ్చల్–మల్కాజిగిరి</జిల్లా>
<రాష్ట్రం>తెలంగాణ</రాష్ట్రం>
<నగరపాలన>గ్రేటర్ హైదరాబాద్</నగరపాలన>
<విలీనం>2007</విలీనం>
</స్థలం>

ఇందులో రంగు లేదు, అక్షరాల సైజు లేదు, ఏది ముందు కనిపించాలన్న ఆదేశం లేదు. బ్రౌజర్ స్టైల్‌షీట్ దీన్ని శీర్షిక ఉన్న పట్టికగా మార్చవచ్చు. అచ్చు స్టైల్‌షీట్ ఊళ్ల సూచికలో ఒక వరుసగా పేర్చవచ్చు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కోసం రాసిన స్టైల్‌షీట్ ఇదే సమాచారాన్ని పూర్తి వాక్యంగా కూర్చవచ్చు. పటం గీసే స్టైల్‌షీట్ పేరును మాత్రమే తీసుకుని తక్కినవన్నీ వదిలేయవచ్చు.

ఈ విభజన విలువ కాలం గడిచేకొద్దీ తెలుస్తుంది. అల్వాల్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో అల్వాల్ రంగారెడ్డి జిల్లా నుంచి కొత్తగా ఏర్పడ్డ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. పదేళ్లు నిండకముందే ఒకే ఊరికి పాలనా సంస్థ, రాష్ట్రం, జిల్లా మూడూ మారాయి. వెబ్‌సైటుకు ఒక ఫైలు, అచ్చు పుస్తకానికి ఒక ఫైలు, ఫోను యాప్‌కు ఒక ఫైలు పెట్టుకున్న సంస్థ ప్రతి మార్పునూ ప్రతి ఫైలులోనూ దిద్దాలి. వాటిలో ఒకటి మరిచిపోతే అక్కడ పాత జిల్లా పేరే నిలిచిపోతుంది. మూలం ఒకటే అయితే ఒక్క దిద్దుబాటు చాలు.

చరిత్ర

పత్రంలో రూపాన్ని కాక అర్థాన్ని గుర్తించాలన్న ఆలోచన ఎక్స్‌ఎంఎల్ కంటే పాతది. ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ 1969లో జీఎంఎల్ అనే గుర్తుల భాషను రూపొందించారు. దాని వారసురాలైన ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ పత్రాలకు రూపం ఇవ్వడానికి డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే స్టైల్‌షీట్ భాష 1996లో ప్రమాణంగా వెలువడింది. అది శక్తిమంతమైనదే కాని నేర్చుకోవడం కష్టం. దాని వాడకం పరిమితంగానే ఉండిపోయింది.

వెబ్ వచ్చాక తేలికైన దారులు అవసరమయ్యాయి. హాకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించి, బెర్ట్ బోస్‌తో కలిసి తీర్చిదిద్దిన సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది. ఎస్‌జీఎంఎల్‌ను సరళం చేసి రూపొందించిన ఎక్స్‌ఎంఎల్ 1.0ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరి 10న సిఫారసుగా ప్రకటించింది. ఎక్స్‌ఎంఎల్ పత్రానికి స్టైల్‌షీట్‌ను ఎలా జతచేయాలో చెప్పే చిన్న ప్రమాణం 1999 జూన్‌లో వెలువడింది. ఒక పత్రాన్ని మరో పత్రంగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0, పత్రంలోని భాగాలను చూపే ఎక్స్‌పాత్ 1.0 అదే ఏడాది నవంబరు 16న వచ్చాయి. జతచేసే ప్రమాణానికీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకీ జేమ్స్ క్లార్క్ సంపాదకుడు. అచ్చు పుటలను వర్ణించే ఎక్స్‌ఎస్‌ఎల్ 1.0 సిఫారసు 2001 అక్టోబరులో పూర్తయింది. మైకేల్ కే సంపాదకత్వంలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 2007 జనవరిలోనూ, 3.0 2017 జూన్‌లోనూ ప్రమాణాలయ్యాయి.

వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లకు వేర్వేరు స్టైల్‌షీట్లు రాయక తప్పని స్థితి ఈ చరిత్రలో తొలినాళ్లలోనే ఎదురైంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రమాణం ఖరారు కాకముందే, 1999 మార్చిలో విడుదలైంది. అందులో ఉన్నది ముసాయిదా దశలోని భాష. ప్రమాణం ప్రకారం రాసిన స్టైల్‌షీట్ అందులో పనిచేయదు. అందులో పనిచేసేది ఇతర ప్రాసెసర్లలో పనిచేయదు. అందుకని ఒకే పత్రానికి ఆ బ్రౌజర్ కోసం ఒకటి, తక్కిన వాటి కోసం ఒకటి రాసుకోవలసి వచ్చేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాకే ఆ చిక్కు తీరింది.

అదే కాలంలో స్టెఫానో మజ్జోకి మొదలుపెట్టిన అపాచే కోకూన్ ఈ పద్ధతికి ఒక క్రమం తెచ్చింది. కోకూన్ తొలి రూపంలో ఒకే పత్రం తలభాగంలో అనేక స్టైల్‌షీట్ ఆదేశాలు రాసి, ఒక్కోదానికి ఒక్కో మాధ్యమం పేరు తగిలించేవారు. ఒకటి మామూలు బ్రౌజర్‌కు, ఒకటి అక్షరాలు మాత్రమే చూపే లింక్స్ బ్రౌజర్‌కు, ఒకటి వాప్ ఫోనుకు. అడుగుతున్న సాఫ్ట్‌వేర్ ఏదో సర్వర్ గుర్తించి, దానికి సరిపోయే స్టైల్‌షీట్‌ను నడిపి, వచ్చిన ఫలితాన్ని పంపేది. బ్రౌజర్‌కు హెచ్‌టీఎంఎల్ వెళ్లేది. నాటి వాప్ ఫోన్లకు వాటి పుటల భాష డబ్ల్యూఎంఎల్ వెళ్లేది. రెండింటికీ మూలం ఒకే పత్రం.

స్టైల్‌షీట్ల రకాలు

ఎక్స్‌ఎంఎల్‌కు వాడే స్టైల్‌షీట్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది సీఎస్‌ఎస్. ఇది పత్రం నిర్మాణాన్ని మార్చదు. ఉన్న భాగాలకు రంగు, ఫాంటు, అంచులు, స్థానం కేటాయిస్తుంది. పత్రంలోని వరుసక్రమం చూపదలచుకున్న క్రమానికి దగ్గరగా ఉన్నప్పుడు ఇదే తేలిక దారి.

రెండోది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. ఇది మూల పత్రాన్ని చదివి పూర్తిగా కొత్త పత్రాన్ని తయారుచేస్తుంది. వరుస మార్చగలదు, అకారాది క్రమంలో పెట్టగలదు, అక్కర్లేనివి వదిలేయగలదు, లెక్కలు కట్టగలదు, ఒకే సమాచారాన్ని రెండుచోట్ల చూపగలదు. ఫలితం హెచ్‌టీఎంఎల్ కావచ్చు, ఎస్‌వీజీ బొమ్మ కావచ్చు, మామూలు అక్షరాల ఫైలు కావచ్చు, మరో రకం ఎక్స్‌ఎంఎల్ కావచ్చు. స్టైల్‌షీట్ అని పిలిచినా నిజానికి ఇది ప్రోగ్రామింగ్ భాష. పత్రంలో ఈ రకం భాగం ఎదురైతే ఈ ఫలితం ఇవ్వు అన్న నియమాల గుచ్ఛంగా దాన్ని రాస్తారు.

మూడోది ఎక్స్‌ఎస్‌ఎల్ ఎఫ్‌వో. పుట కొలతలు, అంచులు, పుట సంఖ్యలు, అడుగున సూచికలు, నిలువు వరుసలు వంటి అచ్చు వివరాలను ఇది వర్ణిస్తుంది. సాధారణంగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో మూల పత్రాన్ని ఈ రూపంలోకి మార్చి, అపాచే ఎఫ్‌వోపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ తీస్తారు. ఇప్పుడు చాలాచోట్ల దీని బదులు సీఎస్‌ఎస్‌లోని పుటల నియమాలతోనే పీడీఎఫ్ తయారుచేస్తున్నారు.

స్టైల్‌షీట్‌ను ఎంచుకునే పద్ధతులు

ఒక సాఫ్ట్‌వేర్‌కు ఏ స్టైల్‌షీట్ వెళ్లాలో తేల్చే దారులు నాలుగు.

మొదటి దారిలో పత్రమే చెబుతుంది. పత్రం పైభాగంలో, మూల ఎలిమెంటు కంటే ముందు ఒక ప్రాసెసింగ్ ఆదేశం రాస్తారు. అందులో స్టైల్‌షీట్ చిరునామా, రకం, శీర్షిక, మాధ్యమం, అది ప్రత్యామ్నాయమా కాదా అన్న వివరాలు ఉంటాయి. మాధ్యమం తెర అయితే ఒకటి, అచ్చు అయితే మరొకటి అని విడదీయవచ్చు. శీర్షికలున్న ప్రత్యామ్నాయ సీఎస్‌ఎస్ స్టైల్‌షీట్లను ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్ మెనూలో చూపి, పాఠకుణ్నే ఎంచుకోనిస్తుంది. పెద్ద అక్షరాల రూపం, నలుపు మీద తెలుపు రూపం ఇవ్వడానికి ఇది పనికొస్తుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్లకు ఇలాంటి ఎంపికను బ్రౌజర్లు సరిగా అమలుచేయలేదు.

రెండో దారిలో సర్వర్ నిర్ణయిస్తుంది. అడుగుతున్న సాఫ్ట్‌వేర్ పంపే గుర్తింపునూ, అది ఏ రకం ఫైళ్లు కోరుతోందో చెప్పే సమాచారాన్నీ చూసి సర్వర్ మార్పిడి చేసి పంపుతుంది. కోకూన్ నడిచింది ఈ దారిలోనే. పాఠకుడి దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తెలియకపోయినా నష్టం లేదు.

మూడో దారిలో ముందుగానే అన్ని రూపాలూ తయారుచేసి పెడతారు. పత్రం మారినప్పుడల్లా శాక్సన్, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ వంటి ప్రాసెసర్లతో ఒక్కో స్టైల్‌షీట్‌ను నడిపి వెబ్ పుట, పీడీఎఫ్, ఈ-పుస్తకం తీస్తారు. పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రికలు, యంత్రాల వాడుక పుస్తకాలు ఎక్కువగా ఈ దారిలో వస్తాయి.

నాలుగో దారిలో చదివే సాఫ్ట్‌వేర్ తన సొంత స్టైల్‌షీట్‌ను తెచ్చుకుంటుంది. పత్రానికి ఆ స్టైల్‌షీట్ ఉన్న సంగతే తెలియదు. డిజిటల్ సంతకం ఉన్న పత్రాలకు ఈ దారే సరైనది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు అలాంటి ఎక్స్‌ఎంఎల్ పత్రమే. దాని మీద ఆధార్ ప్రాధికార సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. కంటికి ఇంపుగా ఉండాలని అందులో ఒక్క ట్యాగు మార్చినా సంతకం చెల్లదు. స్టైల్‌షీట్ ఆదేశాన్ని లోపల చేర్చడం కూడా పత్రాన్ని మార్చడమే. బయట ఉంచిన స్టైల్‌షీట్‌తో చూపిస్తే మూలం చెక్కుచెదరదు, ఎప్పుడు పరీక్షించినా సంతకం సరిపోతుంది. బ్యాంకుకు ఒక రూపం, అద్దె ఇంటి యజమానికి కావలసిన నాలుగు వివరాలతో మరో రూపం ఇవ్వవచ్చు. అయితే స్టైల్‌షీట్ దాచిన వివరాలు కూడా ఫైలులో ఉంటాయని గుర్తుంచుకోవాలి. కనబడకుండా చేసినంత మాత్రాన వివరం రహస్యం కాదు.

పటాలు: అల్వాల్ ఉదాహరణ

ఒకే పత్రం నుంచి అనేక రూపాలు తీయడం సామాన్యుడికి బాగా అర్థమయ్యే రంగం పటాలు. స్టీవ్ కోస్ట్ 2004లో ప్రారంభించిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ప్రపంచ పటాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తారు. దాని సమాచారాన్ని ఎవరైనా ఎక్స్‌ఎంఎల్ రూపంలో దించుకోవచ్చు. సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న అల్వాల్ చుట్టూ ఒక చతురస్రం గీసి అడిగితే ఆ ప్రాంతపు పత్రం వస్తుంది.

ఆ పత్రంలో బొమ్మ ఉండదు. అక్షాంశ రేఖాంశాలున్న బిందువులు, వాటిని కలిపే దారులు, దారుల మధ్య సంబంధాలు, వీటికి తగిలించిన ట్యాగులు మాత్రమే ఉంటాయి. ఒక బిందువుకు రైల్వే స్టేషన్ అన్న ట్యాగు ఉంటే అది స్టేషన్. చుట్టుకుని వచ్చిన ఒక దారికి నీరు అన్న ట్యాగు ఉంటే అది చెరువు. పేరుకు ఒక ట్యాగు ఉంటుంది, తెలుగు పేరుకు విడిగా మరో ట్యాగు పెట్టవచ్చు.

ఇక్కడి నుంచి పని స్టైల్‌షీట్లది. రైలు పటం కోసం రాసినది పట్టాలనూ స్టేషన్లనూ ఎంచుకుంటుంది. సికింద్రాబాదు నుంచి ఉత్తరంగా మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం మీదుగా మేడ్చల్ దాకా గీత వస్తుంది. నీటి వనరుల పటం కోసం రాసినది పట్టాలను పక్కనబెట్టి చెరువులు, కుంటలు, వాగులు, నాలాలను నీలంలో చూపిస్తుంది. ఈ ప్రాంతంలో షామీర్‌పేట చెరువు మొదలుకొని కాలనీల మధ్య ఇరుకున పడ్డ కుంటల దాకా నీరు ఎటు పారుతుందో తెలియడానికి అలాంటి పటం అవసరం. రోడ్ల స్టైల్‌షీట్ రాజీవ్ రహదారినీ, మేడ్చల్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారినీ, ఔటర్ రింగ్ రోడ్డునూ లావుగా గీస్తుంది. తెలుగు పటం కోసం రాసినది ముందుగా తెలుగు పేరు ట్యాగును వెతుకుతుంది, అది లేకపోతే మామూలు పేరును తీసుకుంటుంది. ఈ ఒక్క నియమంతో ఊళ్ల పేర్లు తెలుగులో వెలుగుతాయి.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ తొలి దశలో ఈ పని అక్షరాలా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతోనే జరిగింది. ఓస్మరెండర్ అనే పరికరం ఎక్స్‌ఎంఎల్ సమాచారాన్నీ, మరో ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాసిన గీత నియమాలనూ కలిపి ఎస్‌వీజీ పటాన్ని తయారుచేసేది. నియమాల ఫైలు మారిస్తే పటం మారేది. స్వచ్ఛంద కార్యకర్తల కంప్యూటర్లకు ఈ పనిని పంచిన టైల్స్ ఎట్ హోమ్ పథకం 2012 దాకా నడిచింది. సమాచారం పెరిగేకొద్దీ మొత్తం పత్రాన్ని మెమరీలోకి ఎక్కించుకునే పద్ధతి భారమై, దాని స్థానంలో వేగమైన పరికరాలు వచ్చాయి.

పరికరాలు మారినా సూత్రం మారలేదు. వెబ్ పటాలు గీసే మ్యాప్నిక్ తన స్టైలు నియమాలను ఎక్స్‌ఎంఎల్‌లో చదువుకుంటుంది. పటాలను సవరించే జేఓఎస్‌ఎంకు మ్యాప్‌సీఎస్‌ఎస్ అనే స్టైలు భాష ఉంది. నెట్ లేకుండా ఫోనులో దారి చూపే ఓస్మాండ్ తన సొంత ఎక్స్‌ఎంఎల్ స్టైలు ఫైళ్లను వాడుతుంది. అల్వాల్‌లో ఒక వాలంటీరు ఒక వీధి పేరు సరిచేస్తే, కొత్త సమాచారం అందిన వెంటనే ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ ఆ సరైన పేరునే తమ తమ రూపాల్లో చూపిస్తాయి. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాదు–మేడ్చల్ మార్గంలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి. ఇలా ఒక ఊరి జీవితంలో మార్పులు వస్తూనే ఉంటాయి. వాటిని ఒకచోట నమోదుచేసి అందరికీ అందించడమే ఈ ఏర్పాటు సాధించిన మేలు.

ఇతర రంగాలు

విపత్తు హెచ్చరికలు. కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనేది హెచ్చరికల కోసం రూపొందించిన ఎక్స్‌ఎంఎల్ నమూనా. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 రూపం 2010లో వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన సచేత్ వ్యవస్థ దీని మీదే ఆధారపడింది. ఒక హెచ్చరిక పత్రంలో ఘటన ఏమిటి, ఎంత త్వరగా స్పందించాలి, తీవ్రత ఎంత, ఎంతవరకు ఖాయం, ఏ ప్రాంతానికి, ప్రజలు ఏం చేయాలి అన్నవి విడివిడి భాగాలుగా ఉంటాయి. ఒక్కో భాషకు ఒక్కో సమాచార ఖండం పెట్టే వీలుంది. భారీ వర్షం హెచ్చరిక ఒకటి వెలువడితే ఫోను సందేశం తయారుచేసే సాఫ్ట్‌వేర్ శీర్షికనూ సూచననూ తీసుకుంటుంది. టీవీ తెర అడుగున పాకే పంక్తికి శీర్షిక చాలు. పటం మీద చూపే సాఫ్ట్‌వేర్ ప్రాంతపు హద్దులనూ, తీవ్రతకు తగిన రంగునూ ఎంచుకుంటుంది. ఇక్కడ ప్రతి సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీయే వాడాలని లేదు. ఒకే పత్రానికి వేర్వేరు రూప నియమాలు అన్న సూత్రమే ముఖ్యం. ప్రాణాలకు సంబంధించిన విషయంలో అందరికీ ఒకే మాట చేరడం దీనివల్లనే సాధ్యం.

అందరికీ అందే పుస్తకాలు. చూపు లేనివారి కోసం రూపొందిన డైసీ పుస్తకాల మూల పాఠం ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. దాని నుంచి బ్రెయిలీ, పెద్ద అక్షరాల ప్రతి, వినే పుస్తకం, ఈ-పుస్తకం తీయవచ్చు. డైసీ పైప్‌లైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ మార్పిడులను చాలావరకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో చేస్తుంది. భారతీయ భాషల పుస్తకాలను ఇలా అందించే సుగమ్య పుస్తకాలయ 2016లో ప్రారంభమైంది. ఒక తెలుగు నవలను ఒకసారి శ్రద్ధగా ట్యాగులతో సిద్ధంచేస్తే వేళ్లతో చదివేవారికీ, చెవులతో చదివేవారికీ, కళ్లతో చదివేవారికీ అదే పుస్తకం అందుతుంది. ఈ పద్ధతికి ఇంతకంటే గొప్ప సమర్థన అక్కర్లేదు.

విజ్ఞాన సర్వస్వం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని ఏ వ్యాసాన్నయినా ఎగుమతి పేజీ ద్వారా ఎక్స్‌ఎంఎల్‌గా పొందవచ్చు. శీర్షిక, కూర్పుల తేదీలు, రాసినవారి వాడుకరి పేర్లు అందులో విడివిడి ఎలిమెంట్లుగా ఉంటాయి. వాటితో ఒక స్టైల్‌షీట్ దిద్దుబాట్ల పట్టికను తీయగలదు, మరొకటి వ్యాసాల సూచికను తీయగలదు. అయితే వ్యాస పాఠం మాత్రం ఎక్స్‌ఎంఎల్ ట్యాగులతో కాక వికీ గుర్తులతో ఒకే ముద్దగా ఉంటుంది. దాన్ని విడగొట్టడం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి కష్టం, అందుకు వికీ గుర్తులు తెలిసిన వేరే పరికరం కావాలి. ట్యాగులు ఎంత లోతు దాకా వెళితే స్టైల్‌షీట్ పట్టు అంత లోతు దాకా వెళుతుందన్న నియమానికి ఇది మంచి ఉదాహరణ.

లెక్కలు, లావాదేవీలు. దుకాణాల్లో, ఆడిటర్ల కార్యాలయాల్లో వాడే టాలీ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో సమాచారాన్ని ఇస్తుంది, తీసుకుంటుంది. యూపీఐ చెల్లింపులో సంస్థల సర్వర్ల మధ్య నడిచే సందేశాలూ ఎక్స్‌ఎంఎల్‌వే. ఇవి మనుషులు చదవడానికి కాక యంత్రాలు చదవడానికి ఉద్దేశించినవి. ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్‌ను మరో సాఫ్ట్‌వేర్ కోరే ఎక్స్‌ఎంఎల్‌గా మార్చడానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది.

తెలుగు లిపికి సంబంధించిన విషయాలు

రూపాన్నీ విషయాన్నీ ముడివేస్తే ఏమవుతుందో తెలుగువారికి అనుభవంలో తెలుసు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు పత్రికలు, అచ్చు కార్యాలయాలు ఒక్కో ఫాంటుకు ఒక్కో సంకేత పద్ధతిని వాడాయి. అను ఫాంట్లతో కూర్చిన పుస్తకం ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. ఈనాడు వెబ్‌సైటు చదవడానికి దాని ఫాంటే కావలసి వచ్చేది. తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున అలాంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపును రాయవలసి వచ్చింది. ఆ కాలంలో టైపు చేసిన ఎన్నో పుస్తకాలను నేటికీ మళ్లీ మార్చుకోవలసి వస్తోంది. పాఠాన్ని యూనికోడ్‌లో, అర్థాన్ని ట్యాగుల్లో, ఫాంటును స్టైల్‌షీట్‌లో ఉంచితే ఈ నష్టం జరగదు.

ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకునేవారు ఒక విషయం గమనించాలి. రైల్వేస్టేషన్‌పేరు వంటి మాటలో నకారపు పొల్లు తర్వాత పకారం వత్తుగా కలిసిపోకుండా కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి వాడతాం. ఎక్స్‌ఎంఎల్ 1.0 నాలుగో కూర్పు వరకు ఆ అక్షరం పేర్లలో ఒప్పుకోలేదు. 2008 నవంబరులో వచ్చిన ఐదో కూర్పు ఒప్పుకుంది. ఎక్స్‌ఎంఎల్‌ను చదివే పాత పార్సర్లు ఇంకా వాడుకలో ఉన్నచోట అలాంటి పేర్లు మానుకోవడం మంచిది. పాఠంలో ఆ అక్షరానికి ఏ అడ్డూ లేదు.

అకారాది క్రమం మరో విషయం. యూనికోడ్ సంఖ్యల వరుసలో సున్నా (ం) అచ్చుల కంటే ముందుంది. మన వర్ణమాలలో అం అనేది ఔ తర్వాత వస్తుంది. భాష ఏదో చెప్పకుండా వరుసపెట్టమంటే అంగడి, అంబరం వంటి మాటలు అన్నిటికంటే ముందు వచ్చి కూర్చుంటాయి. ఊళ్ల సూచిక, పారిభాషిక పదాల పట్టిక తీసే స్టైల్‌షీట్‌లో భాష తెలుగు అని చెప్పాలి, ఆ ప్రాసెసర్‌కు తెలుగు వరుసక్రమం తెలుసో లేదో పరీక్షించాలి.

అంకెల విషయంలో సౌకర్యం ముందునుంచే ఉంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో వరుస సంఖ్యల నమూనాగా తెలుగు ఒకటిని ఇస్తే ౧, ౨, ౩ అని వస్తాయి. సీఎస్‌ఎస్ జాబితాల్లోనూ తెలుగు అంకెల శైలి సిద్ధంగా ఉంది. వెబ్‌కు మామూలు అంకెలు, పంచాంగం వంటి అచ్చు పుస్తకానికి తెలుగు అంకెలు కావాలంటే పత్రం మార్చనక్కర్లేదు.

వత్తులు, గుడులు, కొమ్ముల వల్ల తెలుగు పంక్తికి పైనా కిందా చోటు ఎక్కువ కావాలి. ఆంగ్లం కోసం రాసిన స్టైల్‌షీట్‌ను అలాగే వాడితే వత్తులు కింది పంక్తిని తాకుతాయి. పంక్తుల ఎడాన్ని తెలుగు భాగాలకు విడిగా పెంచాలి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దగా చూపే నియమం శ్రీ వంటి అక్షరాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా తీసుకుంటోందో లేదో చూడాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే నియమాలను తెలుగుకు వాడకపోవడమే మేలు. పాఠం ఏ భాషలో ఉందో పత్రంలోనే గుర్తుపెడితే వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లన్నిటికీ లాభం. తెర మీద సరైన ఫాంటు వస్తుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతుకు మారుతుంది.

పరిమితులు

ఈ పద్ధతికి ముందస్తు శ్రమ ఎక్కువ. పత్రం నిర్మాణాన్ని ఆలోచించి నిర్ణయించాలి, ట్యాగులు క్రమం తప్పకుండా వాడాలి. ఒకే రూపంలో ఒకసారి వాడి పారేసే కాగితానికి ఇంత ఏర్పాటు అనవసరం. స్టైల్‌షీట్ల సంఖ్య పెరిగేకొద్దీ వాటి నిర్వహణే ఒక పనవుతుంది. పత్రంలో కొత్త ఎలిమెంటు చేరిస్తే ప్రతి స్టైల్‌షీట్ దాన్ని ఎలా చూడాలో తేల్చుకోవాలి. లేకపోతే ఒకచోట ఆ సమాచారం మాయమవుతుంది, మరోచోట తలాతోకా లేకుండా తేలుతుంది. ఉమ్మడి నియమాలను ఒక స్టైల్‌షీట్‌లో ఉంచి, తక్కినవి దాన్ని దిగుమతి చేసుకునేలా రాయడం దీనికి మందు.

పత్రం పరిమాణం మరో అడ్డంకి. సాధారణ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ పత్రాన్నంతా మెమరీలో చెట్టులా నిర్మించుకుంటుంది. ఒక కాలనీ పటానికి అది చాలు, రాష్ట్రమంతటి పటానికి చాలదు. పత్రాన్ని ప్రవాహంలా చదువుతూ మార్చే వీలును ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 కల్పించింది.

ప్రస్తుత స్థితి

వెబ్ సేవల మధ్య సమాచార మార్పిడిలో ఎక్స్‌ఎంఎల్ స్థానాన్ని చాలాచోట్ల జేసన్ అనే మరో సమాచార రూపం తీసుకుంది. వస్తు సేవల పన్ను రిటర్నులు జేసన్‌లో దాఖలవుతాయి. ఆదాయపు పన్ను రిటర్నుల సాఫ్ట్‌వేర్ కూడా 2021లో ఎక్స్‌ఎంఎల్ నుంచి జేసన్‌కు మారింది. బ్రౌజర్ల లోపలి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకీ కాలం దగ్గరపడుతోంది. భద్రత లోపాలు, తగ్గిన వాడకం కారణాలుగా చూపి దాన్ని తొలగించే ఆలోచనను క్రోమ్ తయారీదారులు 2025లో ప్రకటించారు. పత్రంలోని ఆదేశాన్ని బట్టి బ్రౌజరే మార్పిడి చేస్తుందని నమ్ముకున్న పాత సైట్లు ఆ పనిని సర్వర్‌కు గాని, ముందస్తు తయారీకి గాని తరలించుకోవాలి. సర్వర్లలో, ప్రచురణ సంస్థల్లో నడిచే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి ఈ నిర్ణయంతో సంబంధం లేదు.

పొడవైన పాఠం, అందులో పొరలు పొరలుగా నిర్మాణం ఉన్నచోట ఎక్స్‌ఎంఎల్ ఇప్పటికీ బలంగా ఉంది. ఈ-పుస్తకాలు, పరిశోధన పత్రికలు, చట్టాలు, నిఘంటువులు, ప్రాచీన గ్రంథాల డిజిటల్ ప్రతులు ఆ కోవలోవి. తెలుగులో ఈ పని చేయవలసిన సంస్థలకు ఉన్న అవకాశం ఇక్కడే ఉంది. ఒక నిఘంటువును గాని, ఒక జిల్లా చరిత్రను గాని, ఒక ప్రాంతపు ఊళ్ల వివరాలను గాని కొత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు ముందు దాన్ని యూనికోడ్‌లో, అర్థం చెప్పే ట్యాగులతో, ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని పత్రంగా సిద్ధంచేయాలి. రూపాల సంగతి స్టైల్‌షీట్లకు వదిలేయాలి. నేటి సాఫ్ట్‌వేర్‌లు పోయి కొత్తవి వచ్చిన రోజున మళ్లీ రాయవలసింది స్టైల్‌షీట్ మాత్రమే అవుతుంది, పుస్తకం కాదు.